ఎండకా, వేడికా, కరెంటుకా? రంగు మారే పదార్థాల్లో మన ప్రాంతానికి నప్పేవి

నెల్లూరు ట్రంకు రోడ్డులో కళ్లజోళ్ల దుకాణానికి వెళ్తే ఎండలో నల్లబడే అద్దాలు చూపిస్తారు. ఒంగోలులో కొత్తగా క్లినిక్ కట్టించే డాక్టరుగారికి ఇంటీరియర్ పనివారు స్విచ్ వేయగానే తేటపడే గాజు గురించి చెబుతారు. పోలియో చుక్కల సీసా మీద వేడి తగిలేకొద్దీ ముదిరే చిన్న గుర్తు ఉంటుంది. టీ పోస్తే బొమ్మ బయటపడే కప్పులు గిఫ్టు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి. వీటన్నిటినీ రంగు మారే పదార్థాలు అని ఒకే పేరుతో పిలుస్తున్నాము గాని, ఇవన్నీ ఒక జాతివి కావు. కొన్ని కాంతికి, కొన్ని వేడికి, కొన్ని విద్యుత్తుకు స్పందిస్తాయి. సేంద్రియ అణువులను లోహ ఆక్సైడ్లతో కలిపి చేసే హైబ్రిడ్ పదార్థాల్లో కొన్నింటికి ఈ మూడింటిలో ఏది తగిలినా రంగు మారుతుంది.

కొనేవారు సాధారణంగా అడిగేవి రెండు: రంగు ఎంత బాగా మారుతుంది, ధర ఎంత. వాటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ మార్పును తెచ్చే ఎండ గాని వేడి గాని మన దగ్గర రోజులో ఎంతసేపు ఉంటుంది? ఈ సరుకులో చాలా భాగం 20–25 డిగ్రీల గదిని మనసులో పెట్టుకుని రూపొందించినది. మే నెలలో నెల్లూరు పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. రాత్రి కూడా 28 దరిదాపుల్లోనే ఉంటుంది. 31 డిగ్రీల దగ్గర రంగు కోల్పోయే పొడి చల్లని ఊళ్లో చూడముచ్చటగా పనిచేస్తుంది, అదే పొడి ఇక్కడ వేసవి పగళ్లన్నీ రంగు లేకుండా పడి ఉంటుంది. వస్తువులో లోపమేమీ లేదు, మన ఊరి వాతావరణానికి అది సరిపడలేదు, అంతే. కాబట్టి ఏ రకం గొప్పది అన్న వాదన పక్కన పెట్టి, ఏ పనికి, ఎక్కడ అన్నది పట్టుకుని ఒక్కొక్కటి చూద్దాము.

ఎండకు నల్లబడే కళ్లజోడు

మన దుకాణాల్లో ఫోటోగ్రే అనీ ఫోటోక్రోమాటిక్ అనీ అమ్మే అద్దాలు కాంతికి స్పందించే వర్గానికి చెందుతాయి. వీటి మొదటి తరం 1960లలో అమెరికాలోని కార్నింగ్ సంస్థ తయారుచేసిన గాజు అద్దాలు. ఆ గాజులో వెండి హాలైడ్ (క్లోరిన్, బ్రోమిన్ వంటి వాటితో వెండి కలిసిన లవణం) రేణువులు, అతి కొద్దిగా రాగి ఉంటాయి. అతినీలలోహిత కిరణాలు తగలగానే వెండి విడివడి అద్దం నల్లబడుతుంది, నీడకు రాగానే అది మళ్లీ హాలైడ్‌గా కలిసిపోతుంది. ఇప్పుడు అమ్ముతున్నవి దాదాపు అన్నీ ప్లాస్టిక్ అద్దాలే. వాటిలో వెండి ఉండదు, నాఫ్తోపైరాన్, స్పైరోఆక్సజీన్ వంటి సేంద్రియ అణువులు ఉంటాయి. అతినీలలోహిత కాంతి ఆ అణువులోని ఒక వలయాన్ని తెరుస్తుంది. తెరుచుకున్న అణువు విప్పారి, కంటికి కనిపించే కాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని తిరిగి మూసేది ప్రధానంగా వేడి.

మన ప్రాంతానికి చిక్కు వచ్చేది ఇక్కడే. రోహిణి కార్తె మధ్యాహ్నం తెరిచే కిరణాలూ, మూసే వేడీ రెండూ గట్టిగా పనిచేస్తాయి కాబట్టి అద్దం ఒక మధ్యస్థ స్థాయి దగ్గరే ఆగిపోతుంది. అదే కళ్లజోడు ఊటీలో చలికాలపు ఉదయం ఇంతకంటే బాగా నల్లబడుతుంది. కరపత్రంలో చూపించే ముదురు రంగు మే నెలలో కావలిలోనో సింగరాయకొండలోనో కనబడకపోతే దుకాణదారు మోసం చేశాడని అనుకోనక్కరలేదు. ఇదే వేడి వలన ఒక లాభం కూడా ఉన్నది: నీడకు వచ్చాక అద్దం తేటపడడానికి పట్టే సమయం మన దగ్గర తగ్గుతుంది. చెరువు గట్టు మీది ఎండలోంచి మేత గోడౌనులోకి అడుగుపెట్టే రొయ్యల రైతుకు ఇది చిన్న విషయం కాదు. చలి ప్రదేశంలో అద్దం తేటపడడానికి పట్టే ఆ నిమిషాల్లోనే మెట్లు తడబడేది.

కారు నడిపేవారికి మాత్రం ఈ అద్దాలను నేను సిఫారసు చేయను. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో చేసినది. అది అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది గనుక లోపల కళ్లజోడు నల్లబడదు. హెల్మెట్ పాలికార్బొనేట్ వైజర్ దించుకుని బండి నడిపేవారిదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. జాతీయ రహదారి మీద రోజూ తిరిగేవారికి విడిగా ఒక చలువ కళ్లజోడు తీసుకోవడమే మేలు. సముద్రం మీదికి వెళ్లేవారికి, ఉప్పు మళ్లలో పనిచేసేవారికి అవసరం వేరు. నీటి మీద నుంచి, తెల్లని ఉప్పు మీద నుంచి కంట్లో కొట్టే మెరుపును తగ్గించేది పోలరైజ్డ్ అద్దం. మామూలు ఫోటోక్రోమిక్ (ఎండకు నల్లబడే) అద్దం మొత్తం వెలుతురును తగ్గిస్తుంది తప్ప ఆ మెరుపును ప్రత్యేకంగా వడకట్టదు. రెండు గుణాలూ కలిసిన అద్దాలు దొరుకుతాయి, ధర పెరుగుతుంది. మరి ఫోటోక్రోమిక్ ఎవరికి? ఇంట్లోకీ బయటికీ రోజంతా మారుతూ ఉండే ఉపాధ్యాయులకు, పొలం పనులు చూసుకుంటూ నంబరు అద్దాలు తీయలేని పెద్దవారికి, రెండు జోళ్లు మోయలేనివారికి ఇది నిజంగా ఉపయోగం. అద్దం నల్లబడినా నల్లబడకపోయినా అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఉంటుంది. రెండు మూడేళ్లు గడిచాక నల్లబడే శక్తి తగ్గుతుంది. ఆ అణువులు వేలసార్లు తెరుచుకుని మూసుకుని అలసిపోతాయి. వెండి హాలైడ్ గాజుకు ఆ అలసట దాదాపుగా లేదు గాని, బరువు ఎక్కువ, కింద పడితే పగులుతుంది.

కిటికీ గాజు: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే

పడమటి కిటికీలోంచి మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చే ఎండను ఆపాలన్న కోరికతో స్మార్ట్ గ్లాస్ గురించి విచారించేవారు ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఆ పేరుతో మార్కెట్లో అమ్ముడవుతున్న వాటిలో ఎక్కువ భాగం ఎలక్ట్రోక్రోమిక్, అంటే కరెంటుతో రంగు మారే గాజు కాదు. పీడీఎల్‌సీ అనే పొర అంటించిన గాజు అది. ప్లాస్టిక్‌లో ద్రవ స్ఫటికాల బిందువులు చెల్లాచెదురుగా ఉంటాయి; కరెంటు లేనప్పుడు అవి అడ్డదిడ్డంగా తిరిగి ఉండి వెలుతురును చెదరగొడతాయి, గాజు పాలలా కనిపిస్తుంది. ఏసీ కరెంటు ఇస్తే బిందువులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుని గాజు తేటపడుతుంది. ఇందులో రంగు మార్పు ఏమీ లేదు. పైగా చెదిరిన వెలుతురులో చాలా భాగం గదిలోకే వస్తుంది కాబట్టి వేడి తగ్గేది స్వల్పమే. ఎండ కోసం పీడీఎల్‌సీ కొన్నవారు నిరాశపడతారు, చాటు కోసం కొన్నవారు సంతోషపడతారు.

అసలైన ఎలక్ట్రోక్రోమిక్ గాజు పనితీరు వేరు. ఇందులో ముఖ్యమైన పొర టంగ్‌స్టన్ ట్రైఆక్సైడ్. ఈ ఆక్సైడ్ పొరలను విద్యుత్తుతో నీలంగా మార్చవచ్చునని 1969లో ఎస్.కె. దేబ్ ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి పునాది. రెండు మూడు వోల్టుల డీసీ ఇస్తే లిథియం అయాన్లూ ఎలక్ట్రాన్లూ కలిసి ఆ పొరలోకి చేరి దాన్ని నీలంగా మారుస్తాయి, ధ్రువాలు తిప్పితే బయటికి వచ్చేస్తాయి. నీలంగా మారినా బయటి దృశ్యం కనబడుతూనే ఉంటుంది. సూర్యుని వేడిలో పెద్ద భాగం ఆగిపోతుంది. మారేటప్పుడే కరెంటు కావాలి, మారిన తరువాత గంటల తరబడి ఆ స్థితిలో నిలుస్తుంది. లోపమేమంటే నిదానం: పెద్ద కిటికీ పూర్తిగా రంగెక్కడానికి చాలా నిమిషాలు పడుతుంది. బోయింగ్ 787 విమానంలో తెరలు లేకుండా బటన్ నొక్కితే నీలమయ్యే కిటికీలు చూసినవారికి ఈ నిదానం అనుభవమే.

దుకాణంలో ఏది ఏదో తేల్చుకోవడానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. కరెంటు తీసేసి చూపించమనండి. వెంటనే పాలలా మారితే పీడీఎల్‌సీ. ఉన్న రంగులోనే నిలిచి ఉంటే ఎలక్ట్రోక్రోమిక్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎస్పీడీ అనే మూడో రకం ఒకటి ఉన్నది, కొన్ని ఖరీదైన కార్ల పైకప్పుల్లో వాడతారు. అది కరెంటు తీసేస్తే ముదురుగా మారుతుంది.

కరెంటు పోయినప్పుడు గాజు ఏ స్థితిలో నిలుస్తుందన్న ప్రశ్న మన కోస్తాలో ఊరికే అడిగేది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాను పట్టినప్పుడు గంటలు, ఒక్కోసారి రోజులు సరఫరా ఉండదు. డాక్టరు పరీక్ష గదికి పీడీఎల్‌సీ పెట్టారనుకోండి, కరెంటు పోతే గాజు పాలలా మారి చాటు ఇస్తుంది. రోగికి ఇబ్బంది లేదు. అదే పొరను నగల దుకాణం ముందు అద్దానికి పెడితే కరెంటు పోయిన మరుక్షణం సరుకు కనబడకుండా పోతుంది. వస్తువు ఒకటే అయినా క్లినిక్‌కు తగినది, దుకాణానికి తగనిది. ఎలక్ట్రోక్రోమిక్‌కు ఈ బాధ తక్కువ. అయితే ముదురు స్థితిలో ఆ గాజు తానే ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది కనుక, రెండు పలకల మధ్య గాలి ఖాళీ ఉన్న కిటికీలో దాన్ని బయటి పలకగా అమర్చాలి. ఒంటి పలకగా బిగిస్తే ఆగిన వేడిలో కొంత గదిలోకే వస్తుంది. ఇంకొకటి, ఉప్పు గాలి. కొత్తపట్నం, మైపాడు వంటి తీర గ్రామాల్లో రాగి తీగల చివర్లు ఎంత తొందరగా పచ్చబడతాయో ఎలక్ట్రీషియన్లకు తెలుసు. ఈ గాజులన్నిటికీ ప్రాణం అంచు సీలు, కనెక్టరు. తేమ అంచులోంచి లోపలికి చేరితే పొర ఆ చుట్టూ తినేసినట్లు పాడవుతుంది. తీరంలో కొనేవారు గాజు నాణ్యత గురించి అడిగే ప్రశ్నల కంటే ఎక్కువ ప్రశ్నలు అంచు గురించి అడగాలి.

కరెంటు లేకుండా తనంతట తానే వేడికి మారే కిటికీలు కూడా ఉన్నాయి. వార్తల్లో తరచుగా కనబడే వనేడియం డయాక్సైడ్ స్వచ్ఛ రూపంలో 68 డిగ్రీల దగ్గర మారుతుంది. ఆ పైన అది లోహంలా ప్రవర్తించి కంటికి కనబడని పరారుణ వేడిని తిప్పికొడుతుంది. ఈ గుణాన్ని 1959లో బెల్ ప్రయోగశాలలో ఎఫ్.జె. మోరిన్ గుర్తించారు. ఎండలో ఉన్న కిటికీ గాజు సాధారణంగా 68 డిగ్రీలకు చేరదు గనుక అందులో కొద్దిగా టంగ్‌స్టన్ కలిపి మార్పు ఉష్ణోగ్రతను గది ఉష్ణోగ్రత వైపు దించుతారు. కంటికి మాత్రం మార్పు దాదాపుగా తెలియదు, కొంచెం పసుపు గోధుమ ఛాయ ఎప్పుడూ ఉంటుంది. రెండో రకం హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్) కిటికీలు. వీటిలో పరిశోధకులు ఎక్కువగా వాడే పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఆక్రిలమైడ్ 32 డిగ్రీల దగ్గర నీటిని వదిలేసి పాలలా మారుతుంది. ఐరోపాలో ఇది మధ్యాహ్నం కాసేపు మారి సాయంత్రానికి తేటపడుతుంది. నెల్లూరులో నడివేసవిలో పొద్దున ఎనిమిదింటికే పాలలా మారి పొద్దుగూకినా తేటపడదు. అలాంటప్పుడు మసక గాజు బిగించుకున్నా ఫలితం ఒకటే, ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ. వేడికి మారే కిటికీ ఎవరైనా అమ్మజూపితే మారే ఉష్ణోగ్రత అడగండి. మన దగ్గర అది 40కి దిగువన ఉంటే దాని జోలికి వెళ్లవలసిన పని లేదు.

నిజం చెప్పాలంటే మామూలు ఇంటికి వీటిలో ఏదీ అవసరం లేదు. కిటికీ బయట నీడ పడేలా సన్‌షేడు పొడిగించడం, వెదురు తడక దించడం, అవసరమైతే ఎండ వేడిని తిప్పికొట్టే మామూలు పూత గాజు బిగించడం అన్నవి తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేస్తాయి. గాజును దాటాక ఆపే వేడి కంటే గాజు దాకా రాకముందే ఆపిన వేడి మేలు. బయట నీడ కట్టే వీలు లేని పెద్ద కార్యాలయ భవనాలకు, బయటి దృశ్యం పోకూడదనుకునే హోటళ్లకు మాత్రమే ఎలక్ట్రోక్రోమిక్ గాజు ధర న్యాయమనిపిస్తుంది.

తిరిగి రాని రంగు కావలసిన చోట్లు

ఇంతవరకు చెప్పినవన్నీ వెనక్కి వచ్చే మార్పులు. రంగు వెనక్కి రావడం సుగుణమని అందరూ అనుకుంటారు గాని, కొన్ని పనుల్లో అదే పెద్ద లోపం. మందుల పెట్టె మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో ఉండి, రాత్రికి ఫ్రిజ్‌లోకి చేరిందనుకోండి. వెనక్కి వచ్చే లేబుల్ అయితే రాత్రికి ఏమీ ఎరగనట్లు కనిపిస్తుంది. ఇక్కడ కావలసింది జరిగింది మరచిపోని లేబుల్.

పోలియో చుక్కల సీసా మీది గుర్తు అటువంటిది. 1996 నుంచి వాడుకలో ఉన్న ఈ గుర్తులో వృత్తం మధ్య ఒక చతురస్రం ఉంటుంది. చతురస్రంలోని డైఎసిటిలీన్ అణువులు వేడికి ఒకదానితో ఒకటి గొలుసుగా అతుక్కుని ముదురు రంగు తెస్తాయి. వేడి ఎక్కువైతే తొందరగా, తక్కువైతే నిదానంగా. చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే లేతగా ఉన్నంతవరకు మందు వాడవచ్చు, రెండూ ఒకే రంగుకు వచ్చినా, చతురస్రం ఇంకా ముదిరినా వాడకూడదు. గ్రామాల్లో ఏఎన్‌ఎంలు దీన్ని ఒక్క చూపుతో చదివేస్తారు. ఇది వేడిని మాత్రమే లెక్కపెడుతుంది. గడ్డకట్టడం వల్ల చెడే టీకాల విషయంలో ఆ ప్రమాదాన్ని ఈ గుర్తు చెప్పలేదు.

ఇదే సూత్రంతో పనిచేసే కాల-ఉష్ణోగ్రత లేబుళ్లు మన జిల్లాల రొయ్యల వ్యాపారానికి బాగా పనికివస్తాయి. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండవలసిన సరుకు ప్రాసెసింగ్ ప్లాంటు నుంచి రేవు దాకా వెళ్లే దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగిందో కాగితాలు చెప్పకపోవచ్చు, లేబుల్ చెబుతుంది. కొనేటప్పుడు ఏ ఉష్ణోగ్రత పరిధికి లెక్క కట్టినదో చూడాలి. చల్లని కూరగాయలకు చేసిన లేబుల్ గడ్డకట్టించిన రొయ్యకు పనికిరాదు.

అంతగా ఎవరూ మాట్లాడుకోని మరొక ఉపయోగం చెరువు గట్టు మీది స్టార్టర్ పెట్టెల్లో ఉన్నది. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. ఒక కనెక్షను వదులైతే అక్కడ నిరోధం పెరిగి వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. ఏరేటరు ఆగిన రాత్రి చెరువులో ఏమి జరుగుతుందో రైతులకు చెప్పనక్కరలేదు. 60, 70, 80 డిగ్రీలు అని గడులు ఉండి, ఆ వేడి తగిలిన గడి శాశ్వతంగా నల్లబడే చిన్న స్టిక్కర్లు పారిశ్రామిక సామగ్రి అమ్మేవారి దగ్గర దొరుకుతాయి. మోటారు ఒంటి మీద, ఎంసీబీ (లోడు పెరిగితే కరెంటు తెంచే స్విచ్) పక్కన అంటించి ఉంచితే రాత్రి వేడెక్కిన సంగతి పొద్దున చూసినా తెలుస్తుంది. వెనక్కి వచ్చే రంగు ఇక్కడ పెడితే పొద్దున చల్లారిన మోటారు దగ్గర చూసేసరికి ఏమీ మిగలదు. ఈ వ్యాసంలోని వస్తువులన్నిటిలో పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది బహుశా ఈ స్టిక్కరే. ఒక జాగ్రత్త: పెట్టె మూత ఎండలో కాగితే లోపలి గాలి కూడా బాగా వేడెక్కుతుంది గనుక మొదటి గడి 50 దగ్గర ఉన్నది తీసుకుంటే అనవసరపు భయం కలుగుతుంది.

బస్సు టికెట్లు, దుకాణం బిల్లులు అచ్చయ్యే థర్మల్ కాగితం కూడా ఈ వర్గమే. మూసిన కారులో డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేసిన బిల్లు నల్లబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. వారంటీకి అవసరమైన బిల్లును అదే రోజు ఫోటో తీసి పెట్టుకోవాలి.

పొడులు, రంగులు, కప్పులు

వేడికి రంగు పోయి చల్లారితే తిరిగి వచ్చే పొడులు ఆన్‌లైన్‌లో చిన్న ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. కొన్ని మైక్రాన్ల గుళికలలో మూడు పదార్థాలు ఉంటాయి: రంగు అణువు, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణపు సహాయకం, మైనంలాంటి ఒక ద్రావణి. చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండూ అంటిపెట్టుకుని రంగు చూపిస్తాయి. మైనం కరిగితే విడిపోయి రంగు మాయమవుతుంది. ఏ ఉష్ణోగ్రతకు మారాలన్నది మైనం కరిగే ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. ఎక్కువగా అమ్ముడుపోయే 31 డిగ్రీల రకాన్ని మన దగ్గర డిసెంబరు, జనవరి నెలలకు తప్ప తీసుకోవద్దు. వేడి టీ కప్పులకు, బొమ్మలకు 45 చుట్టుపక్కల మారేది తీసుకోవాలి. ఇంటి బయట గోడలకు ఏ రకమూ వద్దు: ఈ రంగు అణువులు ఎండకు బలహీనం, నేరుగా ఎండ పడితే కొద్ది నెలల్లోనే మారే గుణం పోతుంది. థిన్నరు, ఎసిటోన్ గుళికలను కరిగించేస్తాయి కనుక నీటితో కలిపే రంగుల్లోనే వాడాలి. సహాయకంగా బిస్ఫినాల్ ఏ అనే, ఆహారంలో కలిస్తే మంచిది కాని రసాయనం వాడే రకాలు ఉన్నందున ఈ పొడిని ఆహారం తగిలే పాత్రల లోపలి వైపు వాడడం తగదు.

రుద్దితే చెరిగిపోయే ఫ్రిక్షన్ కలాలదీ ఇదే రసాయనం. 60 డిగ్రీలు దాటితే సిరా కనబడకుండా పోతుంది, మైనస్ 10–20 డిగ్రీలకు చల్లబరిస్తే తిరిగి వస్తుంది. విద్యార్థుల చిత్తు పుస్తకాలకు మంచిదే. పాసు పుస్తకాల మీద, స్టాంపు కాగితాల మీద ఆ కలంతో సంతకం చేయించడానికి ఎవరైనా చూస్తే వద్దనండి.

మోటారు సైకిళ్లకు వేసే రంగుల్లో, పక్కకు జరిగి చూస్తే ఆకుపచ్చ నుంచి ఊదాకు మారేవి ఉన్నాయి. వాటిని కూడా రంగు మారే పెయింటు అనే అమ్ముతారు. అది పూర్తిగా వేరే సంగతి: అభ్రకపు రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పలుచని పూత వేస్తే, కాంతి ఆ పొరల్లో ప్రతిఫలించే కోణాన్ని బట్టి రంగు కనిపిస్తుంది. సైదాపురం ప్రాంతంలో తరతరాలుగా తవ్వుతున్న అభ్రకం జాతి ఖనిజమే దానికి ఆధారం. ఆ రంగులో మారేది మన చూపు కోణమే తప్ప పదార్థం కాదు, అందుకే అది ఎండకు అలసిపోదు. మన్నిక మాత్రమే కావాలనుకునేవారు వేడికి మారే థర్మోక్రోమిక్ పెయింటు వదిలి దీన్ని తీసుకోవచ్చు.

మూడింటికీ స్పందించే హైబ్రిడ్లు

సేంద్రియ అణువులు చురుకైనవి, రంగుల వైవిధ్యం ఉన్నవి, ఎండకు మాత్రం నిలవలేవు. లోహ ఆక్సైడ్లు నిలుస్తాయి గాని రంగులు తక్కువ, వేగం తక్కువ. ఈ రెండింటినీ ఒకే పదార్థంలో కలపడమే హైబ్రిడ్ ఆలోచన. సిలికా జెల్‌లో, కాంతికి రంగు మారే స్పైరోపైరాన్ అణువులను బంధించడం ఒక పద్ధతి. సిలికా గట్టిదైతే అణువు విప్పారడానికి చోటు చాలక మార్పు నిదానిస్తుంది, మెత్తనిదైతే వేగం వస్తుంది, మన్నిక తగ్గుతుంది. టంగ్‌స్టన్, మాలిబ్డినం ఆక్సైడ్ల సమూహాలను సేంద్రియ అమీన్లతో కలిపితే అతినీలలోహిత కాంతికి నీలంగా మారే స్ఫటికాలు వస్తాయి. ఇక వయాలజెన్లు అనే కుటుంబం ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను అందుకున్నప్పుడు ఊదా నీలాల్లోకి మారుతుంది. ఆ ఎలక్ట్రాన్ కరెంటు నుంచి రావచ్చు, కాంతి తగిలిన పక్క అణువు నుంచి రావచ్చు, కొన్ని హైబ్రిడ్లలో వేడి వల్ల కూడా రావచ్చు. కార్లలో వెనుక బండి లైటు పడగానే ముదిరే లోపలి అద్దాలు చాలావరకు వయాలజెన్లతోనే పనిచేస్తాయి. రైతులకు ఈ కుటుంబంలో ఒకరు బాగా తెలుసు: పారాక్వాట్ కలుపు మందు రసాయనికంగా వయాలజెనే. విరుగుడు లేని విషమని పేరు పడిన ఆ అణువు రంగుల శాస్త్రంలో ఇంత ముఖ్యమైనది కావడం వింతే. కాలేజీ ప్రయోగాలకు దాన్ని ఎవరూ ఎంచుకోవద్దు.

మూడింటికీ స్పందించేది మూడు రెట్లు గొప్పదన్న భావన ప్రచారంలో ఉన్నది. దాన్ని నేను ఒప్పుకోను. కిటికీకి స్విచ్‌తో మారే పదార్థం కావాలి. అదే పదార్థం ఎండకూ వేడికీ కూడా తనంతట తాను మారితే స్విచ్ మీద అధికారం పోయినట్లే. నెల్లూరు ఎండలో ఎండనూ వేడినీ విడదీయడం అసాధ్యం, అవి కలిసే వస్తాయి. బహుళ స్పందన గుణం నిజంగా అక్కరకు వచ్చేది నకిలీలను పట్టే లేబుళ్లలో. అసలు సరుకు గుర్తు ఎండలో ఒక రంగు, వేడికి మరో రంగు చూపిస్తే దాన్ని అనుకరించడం కష్టం. ఆ లేబుళ్లలో కూడా ఎంపిక ఊరిని బట్టి మారాలి. బొటనవేలితో రుద్దితే రంగు పోయే గుర్తులు చల్లని దేశాల చెక్కుల మీద ఉంటాయి. 38 డిగ్రీల గోడౌనులో ఆ గుర్తు రుద్దకముందే రంగు పోయి ఉంటుంది, అసలు సరుకు కూడా నకిలీలా కనిపిస్తుంది. మన దగ్గర విత్తనాల సంచులకు, చెరువు మందుల డబ్బాలకు ఎండలోకి తెచ్చి చూస్తే రంగు వచ్చే గుర్తే సరైనది.

ఇంజనీరింగు, డిగ్రీ విద్యార్థులు ప్రాజెక్టుకు ఈ విషయం ఎంచుకుంటే ప్రష్యన్ బ్లూతో మొదలుపెట్టడం మంచిది. ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి నీలం ముద్రలు తీసే పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్నారు. ఆ నీలమే ఇది. ఇదే పదార్థాన్ని విద్యుత్ ప్రసరించే పూత ఉన్న గాజు మీద పొరగా వేసి, పొటాషియం లవణ ద్రావణంలో ముంచి చిన్న వోల్టేజి ఇస్తే రంగు పోతుంది, తిప్పి ఇస్తే వస్తుంది. ఖరీదు తక్కువ, ఫలితం కంటికి కనిపిస్తుంది.

కారు అద్దాలకు ఎండకు ముదిరే ఫిల్ము వేయించుకోవాలనుకునేవారు కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 100వ నిబంధన చూసుకోవాలి. ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. 2012లో సుప్రీం కోర్టు ఈ నిబంధనను ఆధారం చేసుకునే నల్ల ఫిల్ముల మీద కఠినమైన ఆదేశాలు ఇచ్చింది. రంగు మారే ఫిల్ము విషయంలో అమ్మేవారు నీడలో ఉన్న శాతాన్ని చెబుతారు. తనిఖీ జరిగేది నడిరోడ్డు మీద ఎండలో కనుక ముదిరిన తరువాతి శాతాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. గాజుకైనా ఫిల్ముకైనా వారంటీ పత్రంలో ఎన్ని డిగ్రీల వరకు, తీర ప్రాంతపు తేమకు వర్తిస్తుందా లేదా, అంచు సీలు పాడైతే ఎవరి ఖర్చు అన్నవి ఉన్నాయో లేదో చదివిన తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి.